గిరి ప్రదక్షిణ అయ్యేదాకా ఆరిపోని కంప్యూటర్: ఒంటిమీది బ్యాటరీ లెక్క

సింహాచలం కొండ చుట్టూ గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు. ఆషాఢ పౌర్ణమి ముందు రోజు తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరినవాళ్లు అడవివరం, హనుమంతవాక, అప్పూఘర్, మాధవధార, ఎన్‌ఏడీ కొత్తరోడ్డు, గోపాలపట్నం మీదుగా తిరిగి సింహాచలం చేరతారు. చురుగ్గా నడిచేవాళ్లకు ఏడెనిమిది గంటలు పడుతుంది. పెద్దవాళ్లతో ఆగుతూ నడిస్తే పది గంటలు. దారి పొడవునా మంచినీళ్లు, మజ్జిగ, ప్రసాదం ఎవరో ఒకరు చేతిలో పెడుతూనే ఉంటారు. దొరకనిదల్లా ప్లగ్ పాయింటే.

ఇంట్లో తయారుచేసుకున్న, ఒంటికి కట్టుకునే వేరబుల్ కంప్యూటర్‌కి విశాఖలో ఇంతకంటే మంచి పరీక్ష లేదు. నడుముకు ఒక పౌచ్, అందులో చిన్న బోర్డు, కళ్లజోడు పక్కన క్లిప్పుతో బిగించిన చిన్న తెర. నడిచిన దూరం, మిగిలిన దూరం చూపించాలి, వెనక వస్తున్న బంధువులకు మనం ఎక్కడున్నామో మెసేజ్ పంపాలి. పని చిన్నదే. అయినా ఇంజనీరింగ్ విద్యార్థులు ఇలాంటివి తయారుచేసినప్పుడు ప్రోగ్రాం దగ్గర కాకుండా ఎక్కువగా బ్యాటరీ దగ్గరే దెబ్బతింటారు. టేబుల్ మీద చక్కగా పనిచేసింది బయటికి వెళ్లిన రెండో గంటకే ఆరిపోతుంది. వెంటనే ఇంకా పెద్ద బ్యాటరీ కొంటారు. అది బరువు, వేడి. పైగా చాలాసార్లు దానివల్ల ఫలితమూ ఉండదు. బోర్డు ఎంత తాగుతోందో, దారిలో ఎంత కారిపోతోందో చూడకుండా ముందే బ్యాటరీ సైజు చూడడం వల్ల వచ్చే ఇబ్బంది ఇది. లెక్క ఖర్చు వైపు నుంచి మొదలవ్వాలి.

లేబుల్ మీది అంకె

పవర్‌బ్యాంకు మీద 10,000 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ అవర్లు) అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఆ అంకె లోపలి లిథియం సెల్‌ది, అంటే 3.7 వోల్టుల దగ్గరిది. ఆంపియర్ అవర్లను వోల్టులతో గుణించి వాట్ అవర్లలో చెబితే 37. బయటికి వచ్చేది 5 వోల్టులు. 3.7ని 5కి పెంచే సర్క్యూట్‌లో కొంత వేడిగా పోతుంది. 15 శాతం పోయిందనుకుంటే చేతికి వచ్చేది సుమారు 31 వాట్ అవర్లు. దాన్నే 5 వోల్టుల దగ్గర ఎంఏహెచ్‌లోకి మారిస్తే 6,300. మంచి కంపెనీలు పవర్‌బ్యాంకు వెనకవైపు చిన్న అక్షరాలతో 'రేటెడ్ కెపాసిటీ' అని ఆరు వేల చిల్లర వేస్తాయి. అందులో మోసమేమీ లేదు, ఆ చిన్న అక్షరాల అంకే మనకు పనికొచ్చేది. రెండు బ్యాటరీలను పోల్చాలంటే ఎంఏహెచ్ పక్కనపెట్టి వాట్ అవర్లలో పోల్చాలి. వోల్టేజి తెలియకుండా ఎంఏహెచ్ చెప్పడం, ఎన్ని సంచులో చెప్పకుండా సంచి సైజు మాత్రం చెప్పినట్టు ఉంటుంది.

విడి సెల్స్ దగ్గర మాత్రం నిజంగానే మోసం ఉంది. 18650 అనే సెల్ 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. పేరు వెనక ఉన్న అర్థం అదే. ఇంత చోటులో పేరున్న కంపెనీలు సాధారణంగా 3,500 ఎంఏహెచ్ వరకు పట్టించగలుగుతున్నాయి. అలాంటిది టార్చిలైట్ల కోసం అమ్మే కొన్ని సెల్స్ మీద 9,900 అని రాసి ఉంటుంది. దాన్ని వంటింటి డిజిటల్ కాటా మీద పెట్టి చూడండి. మంచి 18650 సెల్ 45 నుంచి 50 గ్రాములు తూగుతుంది. 9,900 అని రాసున్నది చాలాసార్లు 35 గ్రాముల లోపే ఆగిపోతుంది. లోపల ఉండాల్సిన సరుకు లేదన్నమాట. రంగు రంగుల ప్లాస్టిక్ తొడుగు కింద ఏముందో కంటికి కనబడదు, కాటా పట్టిచ్చేస్తుంది. సెల్ కొనేటప్పుడు మన దేశంలో లిథియం సెల్స్‌కి వర్తించే ఐఎస్ 16046 ప్రమాణం, దాని పక్కన ఆర్‌తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయేమో చూడాలి. ఒంటికి కట్టుకునే వస్తువు కాబట్టి ఇక్కడ వంద రూపాయలు ఆదా చేయాలనుకోకూడదు.

ఎవరు ఎంత తాగుతున్నారు

గిరి ప్రదక్షిణ కంప్యూటర్ లెక్క వేద్దాం. బోర్డు రాస్ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ అనుకుందాం. 2021లో వచ్చిన ఈ బోర్డు అరచేతిలో సగం కూడా ఉండదు. ఖాళీగా ఉన్నప్పుడు సుమారు 0.6 వాట్లు, నాలుగు కోర్లూ పనిచేస్తుంటే 2 వాట్లకు పైగా తీసుకుంటుంది. మధ్యస్థంగా 0.9 అనుకుందాం. జీపీఎస్ మాడ్యూల్‌కి 0.15. చిన్న ఓలెడ్ తెరకు 0.1. మెసేజ్‌లు పంపడానికి యూఎస్‌బీ 4జీ డాంగిల్, సగటున 1.5. మొత్తం 2.65 వాట్లు. పది గంటలకు 26.5 వాట్ అవర్లు. వోల్టేజి మార్పులో పోయేది కలిపితే 31. చివరి 20 శాతం ముట్టుకోకుండా ఉంచాలనుకుంటే 39. పదివేల ఎంఏహెచ్ పవర్‌బ్యాంకు కూడా చాలదు.

ఇప్పుడు ఆ జాబితాలో పెద్ద తిండిపోతు ఎవరో చూడండి. బోర్డు కాదు, డాంగిల్. ప్రదక్షిణ రోజున అది ఇంకా ఎక్కువ తింటుంది. లక్షల మంది ఒకే రోడ్డు మీద, అందరి జేబుల్లోనూ ఫోన్లు. టవర్ మీద ఒత్తిడి పెరిగి కనెక్షన్ మాటిమాటికీ తెగుతుంది, తెగినప్పుడల్లా డాంగిల్ మళ్లీ వెతుకుతుంది. కొండ చాటున సిగ్నల్ పలచబడితే తన రేడియోను గట్టిగా వాడుతుంది. ఇంట్లో కూర్చుని కొలిచిన సగటు దారిలోని ముడసర్లోవ దగ్గర చెల్లదు. తిరునాళ్లకు వెళ్లినప్పుడు ఫోన్ ఛార్జింగ్ మామూలు కంటే త్వరగా దిగిపోవడం అందరికీ అనుభవమే, కారణం ఇదే.

డాంగిల్‌ని పది నిమిషాలకోసారి ఒక నిమిషం పాటు ఆన్ చేసి, మెసేజ్ పంపి, కరెంటు పూర్తిగా తీసేస్తే దాని సగటు 0.2 వాట్ల దగ్గరికి వస్తుంది. ఇందుకు డాంగిల్ వైరు మధ్యలో మాస్‌ఫెట్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్ ఒకటి చాలు. బోర్డులో హెచ్‌డీఎంఐ ఆపేసి, వైఫై ఆపేసి, ప్రాసెసర్ వేగానికి పరిమితి పెడితే 0.9 కాస్తా 0.6కి దిగుతుంది. ఓలెడ్ తెరలో వెలిగే చుక్కలే కరెంటు తాగుతాయి, నల్ల భాగం తాగదు. అందుకే నల్లటి నేపథ్యం మీద తెల్ల అక్షరాలు పెట్టి, బటన్ నొక్కినప్పుడే పది సెకన్లు వెలిగేలా చేస్తే అది 0.05 కంటే తక్కువకు వస్తుంది. ఇప్పుడు మొత్తం ఒక వాట్. పది గంటలకు 10 వాట్ అవర్లు, మార్పిడి నష్టంతో 12, రిజర్వుతో 15.

ముప్పై తొమ్మిది నుంచి పదిహేను. ఒక్క బ్యాటరీ కూడా మార్చకుండానే.

పై అంకెలు స్థూలంగా వేసినవే. ఒకే మోడల్ బోర్డులైనా, వాటికి తగిలించిన వస్తువులను బట్టి, నడుస్తున్న సాఫ్ట్‌వేర్‌ని బట్టి తేడా వస్తుంది. కాబట్టి కొలవాలి. కొన్ని వందల రూపాయలకు దొరికే యూఎస్‌బీ మీటరు బ్యాటరీకీ బోర్డుకీ మధ్య పెడితే వోల్టేజి, కరెంటు, గడిచిన సమయంలో వాడిన వాట్ అవర్లు అన్నీ చూపిస్తుంది. క్షణం పాటు చూసి అంకె రాసుకుంటే ఉపయోగం లేదు. ఒక గంట మామూలుగా వాడి, ఆ గంటలో ఎన్ని వాట్ అవర్లు ఖర్చయ్యాయో చూడాలి. సాయంత్రం ఆర్కే బీచ్ రోడ్డు మీద ఒక గంట నడిచి కొలిచిన అంకెకు, ఇంట్లో ఫ్యాను కింద కొలిచిన అంకెకు ఎంత తేడా ఉందో చూస్తే మిగతా లెక్క దానంతట అదే సరిపడుతుంది.

ఇక్కడ ఇంకో ప్రశ్న వేసుకోవాలి. చాలామంది అసలు వేసుకోనిది. ఈ పనికి లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ నడిపే కంప్యూటర్ కావాలా? దూరం చూపించడానికి, మెసేజ్ పంపడానికి ఈఎస్‌పీ32 లాంటి మైక్రోకంట్రోలర్, అంటే ఒకే ప్రోగ్రాం నడిపే చిన్న చిప్, సరిపోతుంది. వైఫై ఆపి పనిచేయిస్తే అది 0.15 వాట్ల దరిదాపుల్లో ఉంటుంది. గాఢ నిద్రలో ఆ చిప్ తీసుకునేది 10 మైక్రో ఆంపియర్లు మాత్రమే. బోర్డు మీది ఎర్ర ఎల్ఈడీ, వోల్టేజిని అదుపులో ఉంచే రెగ్యులేటర్ దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ తాగుతాయి కాబట్టి నిద్ర లాభం నిజంగా దక్కాలంటే ఆ ఎల్ఈడీ ఊడబీకాలి. చిన్న పనే, టంకం ఇనుము ఆనిస్తే క్షణంలో వస్తుంది.

మాట వినిపిస్తే అక్షరాలుగా మార్చాలి, కెమెరాతో దారిలోని సైన్‌బోర్డులు చదవాలి అంటే మాత్రం లైనక్స్ బోర్డు తప్పదు. అప్పుడు లైనక్స్ బోర్డు, మైక్రోకంట్రోలర్ రెండూ పెట్టుకోవడం మేలు. రాస్ప్‌బెర్రీ పై బోర్డుకి ల్యాప్‌టాప్ మూత మూసినప్పుడు పట్టే నిద్ర లాంటిది లేదు. షట్‌డౌన్ చేసినా బోర్డు కొంత కరెంటు తాగుతూనే ఉంటుంది. మైక్రోకంట్రోలర్ వాచ్‌మన్‌లా మేలుకుని ఉండి, బటన్ నొక్కినప్పుడే పెద్ద బోర్డుకి కరెంటు ఇచ్చి, పని అయ్యాక సక్రమంగా షట్‌డౌన్ చేయించి, కరెంటు కట్ చేస్తుంది. బూట్ అవడానికి పట్టే ఇరవై ముప్పై సెకన్లు ఓర్చుకోగలిగితే దీనికి మించిన పొదుపు మార్గం లేదు.

దారిలో కారిపోయేది

విద్యార్థులు మొదట చేతికి తీసుకునేది కిరాణా కొట్లో కూడా దొరికే 9 వోల్టుల పలక బ్యాటరీ, దాని వెనక మూడు కాళ్ల 7805 రెగ్యులేటర్. పాఠ్యపుస్తకాల్లో ఉండే జంట ఇది. 9 వోల్టులను 5 చేయడానికి 7805 మిగతా 4 వోల్టులను వేడిగా మార్చి పారేస్తుంది. బ్యాటరీ ఇచ్చిన వంద రూపాయల్లో 55 బోర్డుకి చేరి, 45 రేకు వేడెక్కడానికి పోయాయన్నమాట. పైగా ఆ పలక బ్యాటరీలో మంచి ఆల్కలైన్ రకమైనా నాలుగైదు వాట్ అవర్లకు మించి ఉండవు. ఎక్కువ కరెంటు లాగితే అవీ రావు. వోల్టేజిని తగ్గించే స్విచింగ్ రకం బక్ కన్వర్టర్ పెడితే 90 శాతం దాకా దక్కుతుంది. వేరబుల్‌లో 7805కి చోటు లేదు. ఇందులో రెండో అభిప్రాయం అక్కర్లేదు.

ఒక్క లిథియం సెల్ నుంచి 5 వోల్టులు కావాలంటే వోల్టేజిని పెంచే బూస్ట్ కన్వర్టర్. వీటి ప్యాకెట్ మీద 95 శాతం సామర్థ్యం అని ఉంటుంది. అది ఏదో ఒక కరెంటు దగ్గర, ఏదో ఒక వోల్టేజి దగ్గర వచ్చిన అత్యధిక అంకె. రెండు ఆంపియర్ల కోసం తయారైన మాడ్యూల్‌ని వంద మిల్లీ ఆంపియర్ల దగ్గర వాడితే, అది తనను తాను నడుపుకోవడానికి తినేది ఆ చిన్న ఖర్చులో పెద్ద వాటా అవుతుంది. లారీలో కూరగాయల సంచి తెచ్చినట్టు. మన సగటు ఖర్చుకు దగ్గర్లో ఉన్న మాడ్యూల్ తీసుకుని, సెల్ వైపు ఒక మీటరు, బోర్డు వైపు ఒక మీటరు పెట్టి చూసుకోవడమే నమ్మదగ్గ పద్ధతి.

వైరు గురించి ఎవరూ ఆలోచించరు. పవర్‌బ్యాంకుతో పాటు ఊరికే వచ్చే సన్నని కేబుల్ లోపల రాగి తీగ తరచుగా 28 గేజ్. దాని నిరోధం మీటరుకు సుమారు 0.21 ఓమ్‌లు. మీటరు పొడవు కేబుల్ అంటే వెళ్లేదారి, వచ్చేదారి కలిపి 0.42. డాంగిల్ సిగ్నల్ వెతుకుతున్న క్షణంలో ఒక ఆంపియర్ లాగితే 0.42 వోల్టులు తీగలోనే పోతాయి. 5 వోల్టుల్లో బోర్డుకి చేరేది 4.58. జీరో రకాలు తప్ప మిగతా రాస్ప్‌బెర్రీ పై బోర్డుల్లో వోల్టేజి తక్కువైందని హెచ్చరించే గీత 4.63. వాటిలో తెర మీద మెరుపు గుర్తు వస్తుంది, వేగం తగ్గిపోతుంది. జీరోలో ఆ హెచ్చరిక కూడా ఉండదు. ఏదైనా ఒక్కోసారి బోర్డు రీసెట్ అయి మెమరీ కార్డు పాడవుతుంది. బ్యాటరీ నిండుగా ఉన్నా 'బ్యాటరీ అయిపోయింది' అనుకుంటారు. అదే మందమైన 20 గేజ్ తీగ, పొడవు పావు మీటరు అయితే నష్టం 0.02 వోల్టులు కూడా ఉండదు. బ్యాటరీ, బోర్డు ఒకే పౌచ్‌లో పక్కపక్కన పెట్టి, కళ్లజోడు దాకా వెళ్లే సన్న తీగలో తెరకు కావాల్సిన కొద్దిపాటి కరెంటు మాత్రమే పంపితే సమస్యే రాదు.

ప్రాజెక్టుల్లో ఎక్కువగా కనిపించే ఇంకో పొరపాటు ఛార్జింగ్ దగ్గర. నీలం రంగు టీపీ4056 బోర్డు చవక, మంచిది కూడా. ఒక ఆంపియర్ దాకా ఇచ్చి, కరెంటు బాగా తగ్గినప్పుడు సెల్ నిండిందని గ్రహించి ఆపేస్తుంది. అయితే సెల్ ఛార్జ్ అవుతుండగానే కంప్యూటర్ కూడా నడుస్తుంటే, కంప్యూటర్ లాగే కరెంటు కూడా సెల్‌లోకి పోతోందని అది అనుకుంటుంది. సెల్ నిండినా ఆపదు, 4.2 వోల్టుల దగ్గర గంటల తరబడి అలాగే పట్టి ఉంచుతుంది. ఛార్జింగ్‌లో వాడాలనుకుంటే పవర్‌పాత్ ఉన్న ఛార్జర్ తీసుకోవాలి. అది ప్లగ్ ఉన్నప్పుడు బోర్డుని నేరుగా ప్లగ్ నుంచి నడిపి, సెల్‌ని విడిగా చూసుకుంటుంది.

ఏ సెల్

నికెల్ మెటల్ హైడ్రైడ్ డబుల్ ఏ సెల్స్ నాలుగు కలిపితే 4.8 వోల్టులు, సుమారు పది వాట్ అవర్లు, నూట పది గ్రాములు. నిప్పు భయం దాదాపు లేదు. మొదటి ప్రయోగానికి ఇవి చాలు. రేసు డ్రోన్లలో వాడే మెత్తని లిథియం పాలిమర్ ప్యాక్‌లు చాలావరకు రక్షణ సర్క్యూట్ లేకుండా వస్తాయి, పైన గట్టి తొడుగు ఉండదు. జనం మధ్యలో, నడుము మీద, ఎవరి మోచేయి తగులుతుందో తెలియని చోట అవి అస్సలు వద్దు.

మిగిలింది రెండు మార్గాలు. సుమారు 2,900 ఎంఏహెచ్ ఉన్న రెండు 18650 సెల్స్ సమాంతరంగా కలిపితే 21 వాట్ అవర్లు, సుమారు 95 గ్రాములు. కలిపేముందు రెండింటి వోల్టేజి సమానంగా ఉండాలి. ఒకటి 4.1, ఇంకొకటి 3.5 ఉండగా కలిపితే ఒకదాని నుంచి ఇంకోదానిలోకి అదుపులేని కరెంటు ఉరుకుతుంది. సెల్ మీద నేరుగా టంకం పెట్టకూడదు, ఆ వేడికి లోపలి పొరలు దెబ్బతింటాయి. స్పాట్ వెల్డింగ్ చేయించాలి, లేదా హోల్డర్ వాడాలి. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీల్లోంచి తీసిన సెల్స్ డాబాగార్డెన్స్ వైపు చవకగా దొరికినా, 2.5 వోల్టుల కంటే కిందికి పడిపోయి నెలల తరబడి ఉన్నవాటిని ఛార్జ్ చేసి బతికించే ప్రయత్నం ఒంటిమీద పెట్టుకునే వస్తువు కోసం చేయకూడదు.

రెండో మార్గం లిథియం ఐరన్ ఫాస్ఫేట్. 32700 సైజు సెల్ ఒక్కటి 3.2 వోల్టులు, 6,000 ఎంఏహెచ్, అంటే 19 వాట్ అవర్లు. బరువు 140 గ్రాముల దాకా. అంటే 45 గ్రాములు ఎక్కువ మోసి, రెండు వాట్ అవర్లు తక్కువ పొందుతాం. అయినా విశాఖలో నడుముకు కట్టుకునేదానికి ఇదే సరైన ఎంపిక. మామూలు లిథియం సెల్ లోపల షార్టయి వేడి అదుపు తప్పితే ఆక్సిజన్ కూడా తనలోంచే విడుదలవుతుంది, అందుకే దాని మంట అంత ఉధృతంగా ఉంటుంది. ఐరన్ ఫాస్ఫేట్‌లో ఫాస్ఫేట్ బంధం ఆక్సిజన్‌ని గట్టిగా పట్టి ఉంచుతుంది. పైగా రెండు వేల సార్లు ఛార్జ్ చేసినా నిలిచే రకం. 45 గ్రాములంటే ఒక చిన్న అరటిపండంత కూడా ఉండదు.

దీనికి ఇంకో వరం కూడా ఉంది. ఈఎస్‌పీ32కి కావాల్సింది 3.0 నుంచి 3.6 వోల్టులు. ఐరన్ ఫాస్ఫేట్ సెల్ నిండు నుంచి దాదాపు ఖాళీ అయ్యేదాకా 3.2 చుట్టుపక్కలే ఉంటుంది. ఛార్జింగ్‌ని 3.5 దగ్గర ఆపేస్తే మధ్యలో ఏ కన్వర్టరూ లేకుండా నేరుగా తగిలించవచ్చు. మార్పిడి నష్టం సున్నా. ఒక్కటే జాగ్రత్త. టీపీ4056 లాంటి 4.2 వోల్టుల ఛార్జర్లు ఈ సెల్‌కి పనికిరావు, 3.65 దాటకుండా ఛార్జ్ చేసే దాని సొంత ఛార్జర్ వేరే ఉంటుంది.

సోల్డరింగ్ అలవాటు లేనివాళ్లకు సర్టిఫికేట్ ఉన్న చిన్న పవర్‌బ్యాంకే మంచిది. రక్షణ సర్క్యూట్, గట్టి తొడుగు, ఛార్జింగ్ అన్నీ అందులోనే ఉంటాయి. బోర్డు కరెంటు ఖర్చు మరీ తగ్గిస్తే మాత్రం చిత్రమైన ఇబ్బంది వస్తుంది. చాలా పవర్‌బ్యాంకులు యాభై నుంచి వంద మిల్లీ ఆంపియర్ల కంటే తక్కువ లాగితే ఫోన్ నిండిపోయిందనుకుని ఆగిపోతాయి. ఇయర్‌ఫోన్లు, వాచీల కోసం తక్కువ కరెంటు మోడ్ ఉన్నవి చూసి కొనుక్కోవాలి.

నడకతోనే కరెంటు పుట్టించవచ్చు కదా అన్న ఆలోచన పాతదే. వేరబుల్ కంప్యూటర్ల తొలి తరం పరిశోధకుడు థాడ్ స్టార్నర్ 1996లోనే ఐబీఎం సిస్టమ్స్ జర్నల్‌లో దీని లెక్క వేశారు. 68 కిలోల మనిషి నడకలో మడమ దిగే కదలికలో సిద్ధాంతపరంగా 67 వాట్లు ఉన్నాయని తేల్చారు. కొన్నేళ్లకు ఎంఐటీలో బూట్లలో, నొక్కితే కరెంటు పుట్టించే పీజో పలకలు పెట్టి చూస్తే వచ్చింది మిల్లీవాట్లు. ప్రదక్షిణలో చాలామంది చెప్పుల్లేకుండా నడుస్తారు కాబట్టి ఆ దారి ఎలాగూ లేదు. టోపీ మీద సోలార్ పలక రాత్రి నడకకు అక్కరకు రాదు.

ఉక్కపోత, ఉప్పుగాలి

విశాఖ ఎండ అంకెల్లో చూస్తే రాజమండ్రి, విజయవాడలంత ఉండదు. ఇక్కడి ఇబ్బంది ఉక్కపోత. చెమట ఆరదు. బట్ట పౌచ్ తడిసి ఒంటికి అతుక్కుంటుంది. చెమటలో ఉప్పు, సముద్రం గాలిలో ఉప్పు, లోపల 5 వోల్టుల కరెంటు. ఈ మూడూ కలిస్తే లోహం మామూలు కంటే వేగంగా తినేసుకుపోతుంది. వేసవంతా వాడిన ఛార్జింగ్ పోర్టుని భూతద్దంతో చూస్తే అది కనబడుతుంది. గ్రౌండ్ పిన్ శుభ్రంగా ఉంటుంది, ఎప్పుడూ వోల్టేజి ఉండే 5 వోల్టుల పిన్ అంచున పచ్చని చిలుము పట్టి ఉంటుంది. చిలుము పట్టిన చోట నిరోధం పెరుగుతుంది, నిరోధం పెరిగిన చోట వేడి పుడుతుంది. బ్యాటరీ బాగున్నా కనెక్టర్ దగ్గర ప్లాస్టిక్ కరిగిన వాసన వచ్చేది అందుకే.

ఒంటి వైపు గట్టి ప్లాస్టిక్ డబ్బా, డబ్బాకీ ఒంటికీ మధ్య గాలి ఆడే జాలీ గుడ్డ, పోర్టులకు రబ్బరు మూతలు, టంకం పెట్టిన చోట్ల హీట్ ష్రింక్ ట్యూబు, బోర్డు మీద తేమ తగలకుండా కన్ఫార్మల్ కోటింగ్ స్ప్రే. ఆషాఢంలో ఎలాగూ వాన పడుతుంది కాబట్టి పోర్టులన్నీ కిందికి చూసేలా పెట్టాలి. సెల్ ప్లస్ పక్కనే చిన్న ఫ్యూజు తప్పనిసరి. విడి సెల్ జేబులో తాళాలతో, చిల్లరతో పాటు వేసుకోవడం ప్రమాదం. అక్కడ షార్టయితే ఆపడానికి రక్షణ సర్క్యూట్ ఉండదు.

వేడి బ్యాటరీ ఆయుష్షుని కూడా తినేస్తుంది. మామూలు లిథియం సెల్స్‌ని 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జ్ చేయకూడదు. ఎండలో నిలబెట్టిన స్కూటర్ డిక్కీ ఆ అంకెను సులువుగా దాటుతుంది. నిండుగా ఛార్జ్ చేసి 40 డిగ్రీల వేడిలో ఏడాది ఉంచేస్తే సెల్ సామర్థ్యంలో మూడో వంతు పోతుంది. అదే 40 శాతం ఛార్జీతో ఉంచితే పోయేది 15 శాతం దాకా. వాడినా వాడకపోయినా వచ్చే నష్టం ఇది. ఎప్పుడూ ఛార్జింగ్‌కి తగిలించి పెట్టే అలవాటు ఉన్న ఇళ్లలో పవర్‌బ్యాంకులు రెండేళ్లకే నీరసించేది ఇందుకే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తర్వాత రోజుల తరబడి కరెంటు లేక ఇబ్బందిపడిన నగరంలో అన్నీ నింపి పెట్టుకోవాలనిపించడం సహజం. తుపాను హెచ్చరిక వచ్చిన రోజున నింపుకున్నా సరిపోతుంది, ఆ హెచ్చరిక ముందే వస్తుంది.

ప్రదక్షిణ ముగిసి ఇంటికి చేరాక డబ్బా తెరిచి చూడాలి. సెల్ మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉండవచ్చు, పట్టుకోలేనంత వేడి ఉండకూడదు. యూఎస్‌బీ మీటరు చూపించే మొత్తం వాట్ అవర్లు రాసుకుని ముందు వేసిన లెక్కతో పోల్చాలి. తేడా ఎక్కువగా ఉంటే చాలావరకు అది డాంగిల్ ఖాతాలోనే కనబడుతుంది. కనెక్టర్లు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దూదితో తుడవాలి. ఉబ్బిన సెల్‌ని చెత్తబుట్టలో వేయకూడదు. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులది, ఈ-వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వాలి. మళ్లీ ఆషాఢం దాకా వాడనిదైతే సగం ఛార్జీతో, బోర్డు నుంచి విడదీసి ఉంచాలి. 18650 అయితే 3.7, 3.8 వోల్టుల మధ్య ఉంటే సగం ఉన్నట్టు. ఐరన్ ఫాస్ఫేట్ సెల్ వోల్టేజి చూసి చెప్పడం కష్టం, నింపాక ఎంత వాడామో మీటరు లెక్కతోనే తెలుసుకోవాలి. పై అంతస్తు స్లాబు కింది అటక మీద మాత్రం పెట్టొద్దు. కింది గదిలో, గోడ బీరువా అడుగు అరలో పెట్టి, రెండు మూడు నెలలకోసారి తీసి చూస్తే చాలు.